వరద రాత్రి టెండర్ లేకుండా కొన్నవాటికి ఇప్పుడు ఆడిట్ అభ్యంతరం: మీ దగ్గర ఎలా చేస్తున్నారు?

కోస్తా_ఇంజినీర్ · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కోస్తాలో ఒక మున్సిపాలిటీ ఇంజినీరింగ్ సెక్షన్‌లో పని చేస్తున్నాను. ఊరి పేరు రాయడం లేదు, అర్థం చేసుకోగలరు.

పోయిన సీజన్‌లో ఒక రాత్రి వానకు పెద్ద కాల్వ పొంగి మూడు వార్డులు మునిగాయి. పంప్‌హౌస్‌లోకి నీళ్లొచ్చి మోటార్లు ఆగిపోయాయి. ప్రైవేటు ట్యాంకర్లు, నీళ్లు తోడే డీజిల్ ఇంజన్లు, జేసీబీలు, బ్లీచింగ్, పునరావాస కేంద్రంలో భోజనాలు అన్నీ ఫోన్ల మీదే మాట్లాడి తెప్పించాం. కమిషనర్ గారు మోకాలి లోతు నీళ్లలో నిలబడి చెబుతుంటే మేం చేయిస్తూ పోయాం. జనానికి నీళ్లు అందాయి, అంటురోగాలు రాలేదు.

ఇప్పుడు లోకల్ ఫండ్ ఆడిట్ వారు (స్థానిక సంస్థల లెక్కలు చూసే ప్రభుత్వ శాఖ) అభ్యంతరం రాశారు. టెండర్ పిలవలేదు, కొటేషన్లు లేవు, కౌన్సిల్ తీర్మానం పనికి ముందు తేదీతో లేదు, మార్కెట్ రేటు కంటే ఎక్కువ ఇచ్చారు అని. ట్యాంకర్ల వాళ్ల బిల్లులు సగం ఆగిపోయాయి. మా సెక్షన్‌లో అందరికీ టెన్షన్. మళ్లీ వానలు దగ్గర పడుతున్నాయి. ఈసారి ఏదైనా జరిగితే సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రారేమోనని నా భయం.

రెండు విషయాలు తెలుసుకోవాలి. అత్యవసరంలో టెండర్ లేకుండా కొనడానికి చట్టంలో దారి ఉందా? ఉంటే ఏ కాగితాలు ఉండాలి?

విశ్రాంత_ఆడిటర్ · సోమవారం రాత్రి 11:15

బాబూ, దారి ఉంది. ఉన్న సంగతే చాలా ఆఫీసుల్లో తెలియదు. నేను ఆడిట్ శాఖలో చాలా ఏళ్లు పనిచేశాను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచిన తర్వాత వచ్చిన రికార్డులు కూడా చూశాను, అందుకే ఈ ప్రశ్న నాకు కొత్త కాదు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలో 50వ సెక్షన్ చదవండి. విపత్తు వచ్చినా, వచ్చేలా ఉన్నా, రక్షణకో సహాయానికో సరుకులు వెంటనే కావాలని జాతీయ, రాష్ట్ర లేదా జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ భావిస్తే, సంబంధిత శాఖకు అత్యవసర కొనుగోలు అధికారం ఇవ్వొచ్చు. అలా ఇచ్చినప్పుడు టెండర్లు పిలవాలన్న మామూలు పద్ధతి రద్దయినట్టే లెక్క. అదే సెక్షన్‌లో రెండో భాగం ఇంకా ముఖ్యం. అధికారం పొందిన కంట్రోలింగ్ ఆఫీసర్ ఆ సరుకులు వినియోగమయ్యాయని ఇచ్చే ధ్రువపత్రమే చెల్లుబాటయ్యే ఓచర్. పార్లమెంటు ఇంత స్పష్టంగా రాసింది.

మరి మీకు చిక్కు ఎక్కడ వచ్చింది? అధికారం ఇవ్వాల్సింది జిల్లా సంస్థ. దానికి చైర్‌పర్సన్ కలెక్టర్. మున్సిపల్ కమిషనర్ తనకు తానే 50వ సెక్షన్ వాడుకోలేరు. కలెక్టర్ ప్రొసీడింగ్స్ (రాతపూర్వక ఉత్తర్వు) ఒక్క పేజీ ఉంటే మీ అభ్యంతరంలో మొదటి రెండు పాయింట్లు నిలబడవు. ఆ రోజు జిల్లా కేంద్రం నుంచి అలాంటి ఉత్తర్వు ఏదైనా వచ్చిందేమో ముందు వెతకండి. చాలాసార్లు అన్ని లైన్ డిపార్ట్‌మెంట్లకూ కలిపి ఒకే ఉత్తర్వు ఇస్తారు, అది మున్సిపాలిటీ ఫైల్లోకి చేరదు.

ఇంకో హెచ్చరిక. ఈ మినహాయింపు రక్షణకు, సహాయానికి మాత్రమే. వరద తగ్గాక డ్రెయిన్ గోడ కట్టడం, రోడ్డు వేయడం దీని కిందికి రావు. కర్నూలు రికార్డుల్లో నేను ఎక్కువగా అభ్యంతరం రాసింది అన్నం ప్యాకెట్ల మీద కాదు. నీళ్లు వెళ్లిపోయిన నెలల తర్వాత కూడా 'అత్యవసరం' అని రాసి టెండర్ లేకుండా, నామినేషన్ మీద ఇచ్చిన పనుల మీద.

ట్రెజరీ_మిత్ర · మంగళవారం ఉదయం 7:20

పెద్దాయన చెప్పింది కొనుగోలు సంగతి. డబ్బు సంగతి నేను చెబుతాను.

ట్రెజరీ కోడ్‌లో టీఆర్ 27 (ట్రెజరీ రూల్ 27) అని ఉంది, తెలుగు రాష్ట్రాల ట్రెజరీల్లో అందరికీ తెలిసిన రూలే. అత్యవసర పరిస్థితిలో కలెక్టర్ రాతపూర్వకంగా ఆదేశిస్తే, మామూలు నిబంధనలు పాటించకపోయినా ట్రెజరీ అధికారి డబ్బు చెల్లించాలి. పెన్షన్లకు మాత్రం ఇది వర్తించదు. కలెక్టర్ ఆ ఉత్తర్వు కాపీని, ఎందుకు అవసరమైందో వివరణను వెంటనే రాష్ట్ర లెక్కలు చూసే అకౌంటెంట్ జనరల్‌కు పంపాలి. చెల్లించినట్టు ట్రెజరీ అధికారి కూడా రిపోర్టు చేయాలి. తుపాను సమయాల్లో కలెక్టర్లకు ఈ అధికారాన్ని వాడుకోమని ప్రభుత్వం జీవోలు ఇస్తుంటుంది.

కాబట్టి వరద రోజుల్లో మున్సిపాలిటీ జనరల్ ఫండ్ మీద భారం వేసుకుని, తర్వాత డబ్బు లేక సరఫరాదారులను తిప్పించుకోవడం కంటే, మొదటి రోజే కలెక్టరేట్‌కు ప్రతిపాదన పంపడం మేలు. తాగునీటి అత్యవసర సరఫరా లాంటివి రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి కింద కూడా వస్తాయి. మీ బిల్లులు ఆ నిధి నుంచి వస్తాయా, జనరల్ ఫండ్ నుంచా అన్నది మొదటి రోజు ఎవరూ తేల్చరు. ఆర్నెల్ల తర్వాత రెండు ఆఫీసులూ మాది కాదంటాయి.

వార్డు_పౌరురాలు · మంగళవారం ఉదయం 10:05

అందరూ అధికారుల వైపు నుంచే మాట్లాడుతున్నారు. పన్ను కట్టేవాళ్ల వైపు నుంచి నేను రాస్తాను.

మా మున్సిపాలిటీ కౌన్సిల్ అజెండాలు సమాచార హక్కు కింద తీసుకుని కూర్చుని చదివాను. ప్రతి సమావేశంలోనూ 'చైర్‌పర్సన్ గారి ముందస్తు అనుమతితో చేపట్టిన పనులకు ర్యాటిఫికేషన్' (చేసేసిన పనికి తర్వాత ఆమోదం) అనే అంశాలు వరసగా కనిపిస్తాయి. వీధిలైట్ల సామాను, పైపులైన్ లీకేజీలు, ట్రాక్టర్ అద్దెలు, కాల్వల పూడికతీత. జూలైలో పూడిక తీయడం అత్యవసరమట! నైరుతి రుతుపవనాలు జూన్‌లో వస్తాయని మా ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో టెండర్ పిలిచి చేయించాల్సిన పనిని కావాలనే వాన దాకా ఆపి, అప్పుడు ఎమర్జెన్సీ అంటే ఆ మినహాయింపుకు అర్థం ఏముంది?

చైర్‌పర్సన్‌కు ఆ అధికారం 1965 పురపాలక చట్టం ఇచ్చిందే. ప్రజల భద్రత కోసం వెంటనే చేయాల్సిన పని అయితే, కౌన్సిల్ కోసం ఆగకుండా చేయించి, కారణాలతో సహా కౌన్సిల్‌కు నివేదించాలి. నేను చదివిన అజెండాల్లో ఆ కారణం రాసిన చోటు దాదాపు ఖాళీ. 'అత్యవసరం దృష్ట్యా' అన్న రెండు ముక్కలే.

మూడు కొటేషన్లు కూడా చూశాను. మూడు వేర్వేరు షాపుల లెటర్‌హెడ్లు, ఒకే చేతిరాత, ఒకే అక్షరదోషం.

కోస్తా ఇంజినీర్ గారూ, మీరు నిజాయితీగా చేసి ఉంటారు, నమ్ముతాను. కానీ ఆడిట్ వాళ్లు అనుమానంగా చూడటానికి కారణం ఇదీ.

సింగ్‌నగర్_వాసి · మంగళవారం మధ్యాహ్నం 1:30

మేడమ్, మీ కోపం న్యాయమే. అయినా ఒక మాట.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు మా మీద పడింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతోంది, ఇటు బుడమేరు గండ్లు పడి ఊళ్లోకి వస్తోంది. మేం డాబా మీద ఉన్నాం. పాలు లేవు, తాగడానికి నీళ్లు లేవు, సెల్‌లో ఛార్జింగ్ లేదు. పడవలు వచ్చాయి, హెలికాప్టర్లు వచ్చాయి, డ్రోన్లతో ప్యాకెట్లు వేశారు. నీళ్లు తగ్గాక ఫైరింజన్లు తెచ్చి ఇళ్లలోని బురద కడిగారు, వేరే మున్సిపాలిటీల నుంచి పారిశుద్ధ్య కార్మికులు వచ్చి మా వీధులు శుభ్రం చేశారు. ఇదంతా ఎవరో ఒకరు ఫోన్లో 'పంపండి, బిల్లు తర్వాత చూద్దాం' అంటేనే జరిగింది. పంచడం సరిగా జరగని వీధులూ ఉన్నాయి, లోపలి సందులకు రెండు మూడు రోజులు ఏమీ అందలేదు. కానీ కొనడానికే అధికారి భయపడి ఉంటే మా పరిస్థితి తలుచుకోవడానికే కష్టం.

తర్వాత భోజనాల ఖర్చు ఎంత, కొవ్వొత్తుల ఖర్చు ఎంత అని పెద్ద రాజకీయ గొడవ నడిచింది. బాధితులుగా మాకు నచ్చనిది అదే. లెక్క అడగడం తప్పు కాదు. ఆ లెక్క వార్డుల వారీగా మొదటి వారంలోనే బయట పెట్టి ఉంటే గొడవకు చోటుండేది కాదు.

బెంగళూరు_తెలుగోడు · మంగళవారం సాయంత్రం 6:10

కర్ణాటకలో ఈ విషయానికి ప్రత్యేక చట్టమే ఉంది, 1999 నాటి టెండర్ల పారదర్శకత చట్టం. 4(ఎ) కింద ప్రకృతి విపత్తు సమయంలో, ప్రభుత్వం ప్రకటించిన అత్యవసర సమయంలో టెండర్ నుంచి మినహాయింపు. బాగానే ఉంది. అసలు గొడవ 4(జి)తో. దాని కింద ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి ఏ కొనుగోలునైనా మినహాయించొచ్చు. బెంగళూరులో '4జీ' అంటే కాంట్రాక్టర్లకు ఫోన్ నెట్‌వర్క్ కంటే ముందు ఇదే గుర్తొస్తుంది. నగరపాలిక పనులు టెండర్ లేకుండా ప్రభుత్వ సంస్థలకు వెళ్లడం, అక్కడి నుంచి సబ్ కాంట్రాక్టుకు పోవడం మీద ఏళ్ల తరబడి విమర్శలు ఉన్నాయి.

వార్డు పౌరురాలు గారు చెప్పిన ప్రమాదం అదే. విపత్తు కోసం తెరిచిన తలుపు మామూలు రోజుల్లో కూడా తెరిచే ఉంటుంది.

ట్యాంకర్_శ్రీను · మంగళవారం రాత్రి 8:45

సార్లందరికీ దండం. నాకు రెండు ట్యాంకర్లు ఉన్నాయి. నా బాధ కూడా వినండి.

మార్కెట్ రేటు కంటే ఎక్కువ ఇచ్చారు అని ఆడిట్ రాశారంట కదా. మార్కెట్ రేటు అంటే ఏ రోజుది సార్? మామూలు రోజున అపార్ట్‌మెంట్ వాళ్లు ట్యాంకర్ దిగగానే చేతిలో డబ్బు పెడతారు. మున్సిపాలిటీకి పోస్తే ఆ డబ్బు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. వరదప్పుడు మా ఇద్దరు డ్రైవర్లు రాత్రింబవళ్లు తిరిగారు. ఫిల్లింగ్ పాయింట్ పన్నెండు కిలోమీటర్ల అవతల, దగ్గరది మునిగిపోయింది. డీజిల్‌కు అప్పు తెచ్చాను. ఒక మున్సిపాలిటీ నుంచి రావాల్సిన బిల్లు ఇప్పటికీ రాలేదు. ఆఫీసుకు వెళ్తే లాగ్‌బుక్‌లో సంతకం లేదు అంటున్నారు. సంతకం పెట్టాల్సిన శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు బదిలీ అయిపోయారు.

డబ్బు ఆలస్యంగా వస్తుందని ముందే తెలుసు కాబట్టే మాలో చాలామంది రేటు పెంచి చెబుతారు. అది దోపిడీ కాదు సార్, వడ్డీ. ఇంకో సంగతి, ఈసారి పిలిస్తే నేను వెళ్తానో లేదో నాకే తెలియదు. జనం దాహంతో ఉంటే మనసు ఒప్పదు, కానీ ఇంట్లో కూడా చూసుకోవాలి కదా.

విశ్రాంత_ఆడిటర్ · మంగళవారం రాత్రి 10:30

శ్రీనూ, నువ్వు చెప్పింది ఈ చర్చలో అందరూ మళ్లీ చదవాలి. బిల్లు ఆపడం వల్ల ప్రభుత్వానికి ఆదా కాదు, వచ్చే వరదలో రేటు పెరుగుతుంది, మంచివాళ్లు తప్పుకుంటారు. తప్పుడు బిల్లులు పెట్టగలిగేవాళ్లే మిగులుతారు.

మీ ట్యాంకర్లను కలెక్టర్ అధికారంతో స్వాధీనం చేసుకుని వాడి ఉంటే అది వేరే సంగతి. విపత్తు చట్టం 65వ సెక్షన్ ప్రకారం సహాయానికి వాహనాలను అలా తీసుకోవచ్చు. 66 ప్రకారం ఆ ప్రాంతంలో నడుస్తున్న అద్దె రేటు మీద పరిహారం ఇవ్వాలి. చాలదనిపిస్తే మధ్యవర్తికి నివేదించమని యజమాని అడగొచ్చు. నీకు ఇచ్చిన కాగితం ఏదో చూసుకో. అది వర్క్ ఆర్డరా, రిక్విజిషన్ ఉత్తర్వా అన్నదాన్ని బట్టి నీ దారి మారుతుంది.

ధరల గురించి ఒకటి. అత్యవసరంలో బేరం ఆడే శక్తి తక్కువ, కానీ సున్నా కాదు. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొరియా కంపెనీ కరోనా ర్యాపిడ్ టెస్ట్ కిట్లు ఒక్కోటి 730 రూపాయలకు ఆర్డర్ ఇచ్చింది. కొన్నాళ్లకే ఛత్తీస్‌గఢ్ అలాంటి కిట్లను 337కు కొంటోందని బయటపడి గోల అయింది. అప్పుడు రాష్ట్రం బయట పెట్టిందేమిటంటే, దేశంలో ఎవరికైనా తక్కువకు అమ్మితే మాకూ అదే ధర అన్న షరతు ఆర్డర్‌లో ఉందని, ఆ తక్కువ ధరే చెల్లిస్తామని. ఒక్క వాక్యం. టెండర్ పిలిచే టైమ్ లేకపోవచ్చు, ఆ వాక్యం రాసే టైమ్ ఎప్పుడూ ఉంటుంది. మున్సిపాలిటీ వర్క్ ఆర్డర్‌లో కూడా 'జిల్లాలో ఇదే సమయంలో ఇతర స్థానిక సంస్థలకు ఇచ్చిన అతి తక్కువ ధర వర్తిస్తుంది' అని రాసుకోవచ్చు.

ఉద్దానం_కార్యదర్శి · బుధవారం ఉదయం 6:50

మున్సిపాలిటీల మాటే నడుస్తోంది, పంచాయతీల గోడు కూడా వినండి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం మీద పడింది. కొబ్బరి తోటలు నేలమట్టం, కరెంటు రోజుల తరబడి లేదు. బోర్లు ఉన్నాయి, మోటార్లు ఉన్నాయి, నీళ్లు మాత్రం పైకి రావు. జనరేటర్ తెచ్చి ట్యాంకు నింపడమే దారి. పంచాయతీకి జనరేటర్ కొనే స్తోమత ఎక్కడిది? అద్దెకు తేవాలి. ఊరంతా చీకటైన రోజున అద్దె ఎంతంటే అంత. బిల్లు ట్రెజరీకి పెడితే ఫ్రీజింగ్, అంటే చెల్లింపులు ఆపేశామంటారు. ఆర్థిక సంఘం నిధులు చూస్తే ఇంత తాగునీటికి, ఇంత పారిశుద్ధ్యానికి అని కట్టి ఉంటాయి. పైగా ఆన్‌లైన్ చెల్లింపు, డిజిటల్ సంతకం. తుపాను రోజున నెట్ లేదు.

చివరికి చాలా ఊళ్లలో సర్పంచో, కార్యదర్శో చేతి డబ్బు పెట్టి నడిపిస్తారు. తర్వాత తీర్మానం రాసుకుని రాబట్టుకునే ప్రయత్నం చేస్తారు. సొంత డబ్బు పెట్టగలిగినవాడి ఊరికి నీళ్లు వస్తాయి, పెట్టలేనివాడి ఊరికి రావు. దీన్ని పద్ధతి అనగలమా?

బ్లీచింగ్ గురించి కూడా చెప్పాలి. వరద తర్వాత తొందరలో కొనే సరుకుల్లో ఎక్కువ మోసం జరిగేది ఇందులోనే. మంచి బ్లీచింగ్ కొత్తగా ఉన్నప్పుడు 30 శాతానికి పైగా క్లోరిన్ ఉంటుంది. గోడౌన్‌లో తేమ తగిలి నెలలు పడి ఉంటే వాసన తప్ప ఏమీ మిగలదు. సున్నం కలిపినా కంటికి తేడా తెలియదు. బస్తాలు లెక్క సరిపోతాయి, రిజిస్టర్ సరిపోతుంది, ఆడిట్‌లో కూడా అభ్యంతరం రాదు. నీళ్లలో మాత్రం క్రిమి చావదు. 2018లో గుంటూరు పాతబస్తీలో, 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రాణాలు తీసింది. తాగునీటి విషయంలో పొరపాటు ఎంత ఖరీదైనదో అక్కడ చూశాం. అందుకే నేను సరుకు దిగగానే ఒక బకెట్ నీళ్లలో కలిపించి, క్లోరిన్ ఎంతుందో చూపే క్లోరోస్కోప్‌తో చూసి, అప్పుడే స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిస్తాను. రంగు రాకపోతే బస్తాలు వెనక్కి. అయిదు నిమిషాల పని ఇది.

డల్లాస్_నుంచి · బుధవారం ఉదయం 8:30

ఇక్కడ టెక్సస్‌లో ఒక సిటీ ఫైనాన్స్ విభాగంలో పనిచేస్తున్నాను. అమెరికా పద్ధతి గొప్పదని చెప్పడానికి కాదు, పనికొచ్చేది ఉంటే తీసుకుంటారని రాస్తున్నాను.

ఇక్కడ హరికేన్ వస్తే సిటీ, కౌంటీ ముందు ఖర్చు పెడతాయి. తర్వాత కేంద్ర సంస్థ ఫెమా అర్హత ఉన్న ఖర్చులో కనీసం 75 శాతం తిరిగి ఇస్తుంది. కేంద్ర నిబంధనల ప్రకారం అత్యవసరంలో పోటీ లేకుండా కొనొచ్చు. కానీ ఆ పరిస్థితి నిజంగా ఉన్నన్నాళ్లే. అది తగ్గగానే పోటీకి మారాలి. ఖర్చు మీద ఇంత శాతం లాభం అనే కాంట్రాక్టు మాత్రం ఎమర్జెన్సీలో కూడా నిషిద్ధం. ఎందుకంటే ఖర్చు పెంచిన కొద్దీ కాంట్రాక్టర్‌కు లాభం పెరుగుతుంది. రూల్ తప్పితే ఇచ్చిన డబ్బు ఫెమా వెనక్కి తీసుకుంటుంది. చిన్న సిటీలకు అది ప్రాణాంతకం.

అందుకని తీరప్రాంత సిటీలు చాలావరకు సీజన్‌కు ముందే చెత్త తొలగింపుకు టెండర్ పిలిచి కాంట్రాక్టు చేసి పెట్టుకుంటాయి. గాలివాన వస్తేనే అది అమల్లోకి వస్తుంది, రాకపోతే ఒక్క డాలర్ కూడా ఇవ్వక్కర్లేదు. చెత్త మోసే కంపెనీ ఒకటి, లెక్క చూసే కంపెనీ వేరొకటి. ప్రతి లారీకీ ఒక టికెట్, అందులో ఎక్కడ ఎక్కించారు, ఎంత లోడు, ఎన్నింటికి దించారు అన్నీ ఉంటాయి. బిల్లు ఆ టికెట్ల మీదే.

ఇక్కడ కూడా ఘోరాలు జరిగాయి. 2017లో మరియా హరికేన్ తర్వాత ప్యూర్టోరికో ప్రభుత్వ విద్యుత్ సంస్థ, మోంటానాలో ఇద్దరే ఉద్యోగులున్న కంపెనీకి టెండర్ లేకుండా 30 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. ధరలను, లాభాలను ప్రభుత్వం ఆడిట్ చేయరాదని అందులో రాసుకున్నారు. విషయం బయటికి వచ్చి అదే ఏడాది అక్టోబరులో రద్దు చేయాల్సి వచ్చింది.

సింగ్‌నగర్_వాసి · బుధవారం ఉదయం 9:15

ముందే చేసుకునే కాంట్రాక్టు మాట బాగుంది. మనకు తుపానులు చెప్పే వస్తాయి కదా. హుద్‌హుద్ అక్టోబరు 12న, తిత్లీ అక్టోబరు 11న, మిచాంగ్ డిసెంబరు 5న. నెలలు తెలుసు, ఏ ఊళ్లో ఏ వార్డు మునుగుతుందో తెలుసు. సెప్టెంబరు లోపే రేట్లు ఖరారు చేసుకుంటే అడ్డం ఎవరు?

కోస్తా_ఇంజినీర్ · బుధవారం మధ్యాహ్నం 2:20

అందరికీ ధన్యవాదాలు. ఇన్ని విషయాలు మా శిక్షణ తరగతుల్లో ఎవరూ చెప్పలేదు.

పెద్దాయన చెప్పినట్టు కలెక్టరేట్‌లో అడిగాను. వరద రెండో రోజు అన్ని శాఖలకూ కలిపి ఉత్తర్వు ఇచ్చారు! మా మున్సిపాలిటీ పేరు జాబితాలో ఉంది. కాపీ తీసుకున్నాను. కానీ మేం ట్యాంకర్లు పెట్టింది మొదటి రోజు రాత్రి. ఆ ఒక్క రాత్రికి ఏం చేయాలి?

కాగితాల విషయానికి వస్తే, ట్యాంకర్ నంబర్లు, ట్రిప్పులు మా వాటర్ వర్క్స్ ఫిట్టర్ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. వార్డు సచివాలయం వాళ్లు వాట్సప్‌లో పెట్టిన ఫొటోల్లో టైమ్ కనిపిస్తోంది. జేసీబీలకు లాగ్‌బుక్ ఉంది, సంతకాలు కొన్ని లేవు. భోజనాలకు కేంద్రంలో రాసిన పేర్ల జాబితా ఉంది. ఇవి చెల్లుతాయా?

విశ్రాంత_ఆడిటర్ · బుధవారం సాయంత్రం 5:00

చెల్లుతాయి, చక్కగా పేర్చి ఇస్తే. ఆడిటర్‌గా చెబుతున్నాను, మేం వెతికేది అందమైన ఫైలు కాదు. ఆ సరుకు నిజంగా వచ్చిందా, వాడారా, ఆ సమయానికి ఆ ధర సమంజసమా. ఈ మూడే. ఫిట్టర్ నోట్‌బుక్ ఒరిజినల్‌గానే పెట్టండి. దాన్ని ఇప్పుడు శుభ్రంగా కొత్త రిజిస్టర్‌లోకి ఎక్కించి పాత తేదీలు వేయకండి. చాలామంది భయంతో చేసే పని అదే, అక్కడే మంచివాళ్లు కూడా దొరికిపోతారు. వరద రాత్రి రాసిన పుస్తకానికి బురద మరక ఉంటుంది. తర్వాత తయారుచేసిన పుస్తకం ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో చూడగానే తెలిసిపోతుంది. సంతకం లేని చోట, ఆ రోజు అక్కడున్న ఉద్యోగి ఇవాళ్టి తేదీతో 'నేను చూశాను' అని స్టేట్‌మెంట్ ఇవ్వొచ్చు. బదిలీ అయినవారి దగ్గర నుంచి కూడా తెప్పించుకోవచ్చు.

మొదటి రాత్రి ఖర్చుకు చైర్‌పర్సన్ అత్యవసర అధికారం ఉండనే ఉంది. కారణాలు వివరంగా రాసి, వర్షపాతం రికార్డు, పంప్‌హౌస్ లాగ్ జతచేసి కౌన్సిల్ ముందు పెట్టండి. తీర్మానం పనికి ముందు తేదీతో లేదన్న అభ్యంతరానికి ఇదే సమాధానం. చట్టమే తర్వాత నివేదించమంది. కలెక్టర్ ఉత్తర్వు కింద చేసిన మిగతా ఖర్చుకు, అందులో ఎవరిని కంట్రోలింగ్ ఆఫీసర్ అన్నారో చూసి, వారి వినియోగ ధ్రువపత్రం తీసుకోండి.

రేటు ఎక్కువ అన్నదానికి పక్క మున్సిపాలిటీ, పక్క పంచాయతీ అదే వారంలో ఎంత ఇచ్చాయో రాతపూర్వకంగా తెప్పించి పక్కన పెట్టండి. మీది వాటికంటే బాగా ఎక్కువైతే ఆ తేడాకు కారణం చెప్పండి. ఫిల్లింగ్ పాయింట్ దూరం లాంటిది నిజమైన కారణమే. చెప్పలేకపోతే ఆ మేరకు తగ్గించి చెల్లించడం న్యాయం. సర్‌చార్జి (నష్టాన్ని అధికారి నుంచే రాబట్టడం) దాకా వెళ్లేది నష్టం జరిగిందని తేలినప్పుడే. ఇక విపత్తు సహాయానికి వచ్చిన డబ్బు, సరుకు స్వాహా చేస్తే 53వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు ఉంది. అది దొంగల కోసం, మీ కోసం కాదు.

వార్డు_పౌరురాలు · బుధవారం సాయంత్రం 7:40

కోస్తా ఇంజినీర్ గారూ, ఫిట్టర్ నోట్‌బుక్ సంగతి చదివి సంతోషమేసింది. ఇంకో పని చేయండి. ఆ లెక్క అంతా వార్డు సచివాలయం బోర్డు మీద అంటించండి. ఏ వీధికి ఎన్ని ట్యాంకర్లు, ఏ రేటు, ఎవరికి ఎంత చెల్లించారు, ఎంత బాకీ. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ఎవరూ అడగకుండానే ఖర్చులు ప్రకటించమంటోంది. మా వీధికి పది ట్రిప్పులు అని రాస్తే, వచ్చింది నాలుగో పదో చెప్పగలిగేది మేమే. ఆడిటర్ ఏడాది తర్వాత వచ్చి చూడలేనిది వీధిలో ఆడవాళ్లు బిందెల లెక్కతో సహా చెబుతారు.

ట్రెజరీ_మిత్ర · బుధవారం రాత్రి 9:00

శ్రీను గారికి ఒక మాట. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఉందా? సూక్ష్మ, చిన్న పరిశ్రమల 2006 చట్టం సేవలకు కూడా వర్తిస్తుంది. కొన్నది ప్రభుత్వ సంస్థ అయినా సరే 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. రాష్ట్రంలో ఇలాంటి బకాయిల వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంటుంది, అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు. పని చేయడానికి ముందే నమోదై ఉండటం ముఖ్యం.

ట్యాంకర్_శ్రీను · బుధవారం రాత్రి 9:25

ఉంది సార్, లోన్ కోసం అప్పట్లోనే చేయించారు. దీనికి పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు. పోయిన వారం బదిలీ అయిన ఇన్‌స్పెక్టర్ గారి ఫోన్ నంబర్ దొరికింది, ఆయన దగ్గరికి వెళ్లి స్టేట్‌మెంట్ అడుగుతాను. మా డ్రైవర్ దగ్గర డీజిల్ బంకు రసీదులన్నీ ఉన్నాయి, అవి కూడా జతచేస్తాను.

కోస్తా_ఇంజినీర్ · గురువారం ఉదయం 8:10

కమిషనర్ గారితో మాట్లాడాను. వానలకు ముందే ట్యాంకర్లు, డీజిల్ ఇంజన్లు, జేసీబీలు, జనరేటర్లు, బ్లీచింగ్, భోజనాలకు టెండర్ పిలిచి రేట్లు ఖరారు చేసి పెట్టుకుందామన్నారు. పని పడితేనే చెల్లింపు. ఒక్కో రకానికి ఇద్దరు సరఫరాదారులు చాలా? ఇద్దరూ ఊళ్లోవాళ్లే అయితే పిలవగానే వస్తారని మా ఆలోచన.

ఉద్దానం_కార్యదర్శి · గురువారం ఉదయం 8:55

సార్, ఇద్దరూ ఊళ్లోవాళ్లే వద్దు. తిత్లీ రోజున మా దగ్గర జనరేటర్లు అద్దెకిచ్చే షాపు రేకులే ఎగిరిపోయాయి. వరదలోనూ అంతే, ఊరు మునిగితే వాళ్ల గోడౌనూ మునుగుతుంది. ఒకరు ఊళ్లో, ఒకరు కనీసం యాభై కిలోమీటర్ల అవతల, వేరే నది వైపు ఉండేలా చూడండి. రేట్ల పట్టికలో రవాణా దూరానికి విడిగా రేటు రాయించండి, అప్పుడు తర్వాత ఆడిట్‌లో తేడా ప్రశ్న రాదు. బ్లీచింగ్‌కు మాత్రం దిగిన చోట పరీక్ష పాసైతేనే బిల్లు అన్న షరతు మర్చిపోకండి. మా పంచాయతీలో వాడుతున్న లాగ్‌బుక్ నమూనా సాయంత్రం ఇక్కడే పెడతాను. వాహనం నంబర్, ఎక్కించిన చోటు, దించిన వీధి, టైమ్, వీధిలో ఒకరి సంతకం, అంతే ఉంటుంది.